ఒక్క చుక్క సీతాకోకచిలుక

మా చిన్నప్పుడు సీతాకోకచిలుక కనబడితే అబ్బ ఎంత బాగుందో అని మురిసిపోయేవాళ్లం కాదు... ఊపిరి బిగబట్టి, వంగి, చుక్కలు లెక్కపెట్టేవాళ్లం.

ఇబ్రహీంపట్నంలో మా ఇంటి వెనక అన్నీ జిల్లేడు పొదలే. వాటి చుట్టూ నారింజ రంగు రెక్కలు, నల్ల అంచు, అంచు కొసన తెల్ల బొట్లు... పుస్తకాల్లో ఈ జాతిని పులి అంటారట! వెనక రెక్క నడుమ మూడో నాలుగో నల్ల చుక్కలుంటే అసలుది. జిల్లేడాకు తిని పెరిగిన పురుగు కదా... ఒళ్లంతా చేదు. పిట్ట కూడా ముట్టదు.

ఒక్కటే చుక్క ఉంటే దొంగది! గంగవాయిలి కూర తిని పెరిగినదానికి చేదెక్కడిది? అసలుదాని వేషం వేసుకుని బతికేస్తుంది. నాకు అదే ఎక్కువ నచ్చేది... ఎందుకో నన్నెరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు.

ఈ లెక్క నేర్పింది పక్కింటి రహీమక్క. ఒకరోజు ఆమెనే బోల్తా కొట్టిద్దామని దొంగదాన్ని పట్టి, అమ్మ కాటుకతో మూడు చుక్కలు అద్దాను.

"అక్కా, నాలుగు చుక్కలు!"

అది ఎగరలేదు... రెక్కల పొడంతా నా వేళ్లకే అంటింది. రహీమక్క నా చెవి మెలేసింది.

"అది వేషమేసేది పానం కాపాడుకోనీకిరా. నువ్వెందుకేసినవ్? నవ్వనీకా?"

మళ్లీ ఏ రెక్కనూ ముట్టలేదు.

ఆ ఇల్లు వదిలి ఎప్పుడో వేరేచోటికి మారిన రహీమక్క మొన్న ఫోన్ చేసింది. మోకాళ్ల నొప్పులు. "జర నాలుగు జిల్లేడాకులు తెంపుకరా తమ్మీ, వెచ్చజేసి కట్టుకుంట" అంది.

మా పాత ఇంటి వెనక్కి పోయాను... పొదల్లేవు! జేసీబీ పెట్టి మొదలంటా గీకేశారు. మన్నెగూడ నుంచి ఇటంతా ప్లాట్ల జెండాలే కదా, మా జిల్లేడును మాత్రం ఎందుకు వదులుతారు? పొదలున్న చోట గోడ. గోడ మీద మనిషంత సీతాకోకచిలుక బొమ్మ!

వెంచర్ ఆఫీసులో కూర్చున్నాయన్ని అడిగాను. "జిల్లేడు చెట్లేం జేసినవయ్యా?"

"గవి పిచ్చి చెట్లన్నా. ప్లాట్లు సూడనీకి వచ్చినోళ్లు భయపడ్తరు. సీతాకోకచిలుకలు గావాల్నా? గోడ మీద ఏపిచ్చినం గద, మస్తుగ!"

"గా గోడ మీదిది గుడ్లు పెడ్తదా?"

"గరమెందుకైతవన్నా... ప్లాటు కోసమొచ్చినవా, కొట్లాటకొచ్చినవా?"

ఒళ్లు మండిపోయింది. ఇంకో మాట అంటే చెయ్యి లేస్తుందని గోడ వైపు తిరిగాను. అలవాటు కొద్దీ లెక్కపెట్టాను.

ఒక్కటే చుక్క.

ఖాళీ చేతులతో రహీమక్క దగ్గరికి పోయి అంతా చెప్పాను. దొంగదాన్నే వేయించుకున్నారని ఆమె పగలబడి నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు... మోకాలు నిమురుకుంటూ అంది:

"అది పానం కాపాడుకోనీకి ఏస్తది తమ్మీ. వీళ్లు పానం దీసినంక ఏసిండ్రు."

మీ వైపు ఎక్కడైనా జిల్లేడు పొద మిగిలి ఉంటే కింద రాయండి... నాలుగు ఆకులు కావాలి. అక్కడ నారింజ రెక్కలు కనబడితే చుక్కలెన్నో కూడా చెప్పండి. ముట్టకుండా లెక్కపెట్టండి.