అవ్వ పాదాల కాగితం

మోకాలికి ఎక్స్‌రే తీయడం పెద్ద విద్యేమీ కాదని చాలాకాలం అనుకున్నాను. తొంభైలలో ఆ పని నేర్చుకుని, మేడ్చల్‌లో ఒక చిన్న స్కానింగ్ సెంటర్లో చేరాను. రెండు వేలు దాటాక శామీర్‌పేట వైపు మందుల కంపెనీలు పెరిగాయి. వాటిలో ఒకటి మోకాలి అరుగుదలకు కొత్త గోలీ తయారుచేసి, దాని పరీక్షలో ఎక్స్‌రేల పని మాకు అప్పగించింది.

మొదటి రోజు ఒక ఎక్స్‌రే, ఏడాది తర్వాత మరొకటి. మధ్యలో నెలనెలా వచ్చి గోలీలు తీసుకుని, నొప్పి ఎలా ఉందో నర్సుకు చెప్పాలి. కొందరికి అసలు మందు, కొందరికి ఉత్త పిండి గోలీలు. ఎవరికి ఏవి ఇచ్చారో మాకూ తెలియదు, ఫిల్ములు చూసే డాక్టర్లకూ తెలియదు. వాళ్లు రెండు ఫిల్ములూ పక్కపక్కన పెట్టి, మోకాలి ఎముకల మధ్య సందు ఎంత తగ్గిందో కొలుస్తారు. ఆ తేడా వెంట్రుకంత. పాదం కాస్త తిరిగినా సందు మారిపోతుంది. అందుకే మొదటి రోజే మనిషిని కాగితం మీద నిలబెట్టి, పాదాల చుట్టూ పెన్సిలుతో గీత గీసి దాచాలి. ఏడాది తర్వాత ఆ గీతల్లోనే నిలబెట్టాలి.

గీయాలంటే కింద కూర్చుని ఎదుటివాళ్ల పాదాలు పట్టుకోవాలి. నాకు అక్కడే అడ్డొచ్చింది. మాది భూములున్న ఇల్లు. భూములు తగ్గాయి గానీ బిగువు తగ్గలేదు. పెద్దిళ్లవాళ్లు వస్తే చక్కగా కూర్చుని గీసేవాణ్ణి. కూలికి పోయేవాళ్లు, చేపలు పట్టేవాళ్లు వస్తే "గాడ నిలబడు" అని, గీత గీయకుండానే ఫిల్ము తీసి పంపేసేవాణ్ణి. అలా ఐదుగురు. ఫైళ్లు చూస్తానని మా దగ్గర ఈ పరీక్ష నడిపించే డాక్టరమ్మ అన్నాక, తలుపేసుకుని ఐదు కాగితాల మీదా నా పాదాలే గీసి పెట్టాను.

ఏడాది తిరిగింది. ఆ ఐదుగురిలో మొదట వచ్చింది శామీర్‌పేట చెరువులో వల వేసే ఇంటి అవ్వ. కాగితం పరిచాను. ఆమె ఎక్కి నిలబడి, కిందికి చూసి, నోటి మీద చెయ్యి పెట్టుకుంది. గీతలకూ పాదాలకూ మధ్య రెండేసి వేళ్ల ఖాళీ.

"ఏంది పటేలా, గోలీలు మోకాలికా, పాదాలకా? గింత సిన్నగైనయేంది!"

తలుపు తెరిచే ఉంది. ఇదే పరీక్షకు సూరారం నుంచి వచ్చి బయట బెంచీ మీద కూర్చున్న ఒకామె తొంగి చూసింది. "నీకు అసలు మందే ఇచ్చిండ్రక్కా. నావి ఎట్లున్నయో అట్లనే ఉన్నయి. నాకు పిండి గోలీలే."

బెంచీ అంతా నవ్వింది. నేనూ నవ్వబోయాను. "కాయితం మారిందవ్వా" అన్నాను.

అవ్వ వంగి కాగితం చూసింది, తర్వాత నా కాళ్లు చూసింది. ఆ గదిలో నేనూ వట్టి కాళ్లతోనే ఉండేవాణ్ణి.

"మారలే. గిది నీ పాదమే. గా సిటికెనేలు సూడు, గెట్ల పక్కకు జరిగిందో. బురదల అడుగు సూసి మా వల కాడికి ఎవలొచ్చిండ్రో సెప్తం మేము. నాకే సెప్తవా?"

ఆ గీతల్లోనే నిలబెట్టి ఫిల్ము తీసి పంపేయొచ్చు. అవ్వ ఎవరితో చెబుతుంది? కానీ ఆ తప్పు ఫిల్ము మంచి మందును చెడ్డదనొచ్చు, చెడ్డదాన్ని మంచిదనొచ్చు. రేపు దాన్ని మింగేది ఇలాంటి అవ్వలే. కాగితం మడిచి డాక్టరమ్మ గదికి వెళ్లాను.

ఐదు కాగితాల సంగతీ చెప్పాను. డాక్టరమ్మ అడిగింది, "ఎందుకు గీయలేదు?"

"వాళ్ల కాళ్ల దగ్గర కూర్చోబుద్ధి కాలేదు మేడమ్."

అంత సిగ్గుమాలిన మాట నా జీవితంలో మళ్లీ అనలేదు. అంత నిజమైనదీ అనలేదేమో. ఆమె ఐదు ఫైళ్లూ పక్కన పెట్టించింది. ఈ ఫిల్ములు లెక్కలోకి రావు, ఇంక అనవసరంగా ఎక్స్‌రే వద్దు అంది. కంపెనీకి తనే రాస్తానంది. అవ్వకు మాత్రం నన్నే చెప్పమంది. నర్సు టేబుల్ దగ్గర కూర్చున్న అవ్వకు అంతా చెప్పాను, ఎందుకు గీయలేదో కూడా.

అవ్వ నన్ను ఎగాదిగా చూసింది. "అంటే ఏడాదంత నేనొచ్చింది ఉత్తదేనా?"

"ఫోటోలే పోయినయవ్వా. నొప్పి గురించి నువ్వు సెప్పేది లెక్కకొస్తది."

"అయితె రాస్కోండ్రి" అంటూ కుర్చీలో సర్దుకుంది.

నర్సు ప్రశ్నల కాగితం తీసింది. "ఈ వారంలో నొప్పి అన్నిటికంటే ఎక్కువ ఎప్పుడైంది?"

"గిప్పుడే. గీ పటేలు కాళ్ల మీద నన్ను నిలవెట్టినప్పుడు."

నర్సు కలం ఆపి నా వైపు చూసింది.

"రాయమ్మా," అన్నాను, "ఆమె చెప్పినట్టే రాయి."