ఆ గోలీ పేరు ముందే చెప్పాల్సింది

గల్ఫ్‌లో సూర్ అనే ఊళ్లో మా బిల్డింగ్ సైట్ మీద ఇనుప రాడ్లు కడుతుంటే, మండుటెండలో చలి పుట్టింది. పళ్లు టకటక కొట్టుకున్నాయి. పక్కవాళ్లు నవ్వారు, నాకూ సిగ్గేసింది.

మా రూమ్‌కు గంగన్నే డాక్టర్. సెలవుకు జగిత్యాల వెళ్లినప్పుడల్లా సంచి నిండా మందులు తెస్తాడు. "ఆంటీబయాటిక్ రా తమ్మీ. మూడు దినాలు ఏస్కో, జరం ఉర్కుతది" అన్నాడు. నిజంగానే పోయింది. వారానికి మళ్లీ వచ్చింది. మళ్లీ గోలీ, మళ్లీ డ్యూటీ. రెండు నెలలు ఇదే తంతు. ప్యాంటు నడుముకు నిలవడం మానేసింది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. వేళ్ల కొసలకు ఎర్రటి పొక్కులు, ముట్టుకుంటే ప్రాణం పోయేది.

చివరికి ఆసుపత్రికి వెళ్లాను. మలయాళీ డాక్టరమ్మ నా ఛాతీ మీద పెట్టిన స్టెతస్కోప్ చాలాసేపు తీయలేదు. "మర్మర్ ఉంది" అని, అంటే గుండె చప్పుడులో తేడా ఉందని, ఎకో అనే గుండె స్కాన్ తీయించింది. గుండెలోని మైట్రల్ వాల్వ్ మీద చిన్న గడ్డలాంటిది ఊగుతోందట, వెజిటేషన్ అంటారట. ఇన్‌ఫెక్టివ్ ఎండోకార్డైటిస్, అంటే గుండె లోపలి పొరకు క్రిమి పట్టిందని అనుమానం. ఏ క్రిమో తేలితేనే సరైన మందు, ఆలస్యమైతే వాల్వ్ పాడైపోతుందని హిందీలో చెప్పింది. మూడుసార్లు రక్తం తీసి, అందులోని క్రిమిని పెంచి చూసే బ్లడ్ కల్చర్‌కు పంపారు.

అందులో ఏమీ పెరగలేదు.

"సచ్ బోలో భయ్యా, ఆంటీబయాటిక్ ఖాయా?" నిజం చెప్పు, మింగావా అని డాక్టరమ్మ నిలదీసింది.

"నహీ మేడమ్."

చీటీ లేని మందులు తెచ్చాడని గంగన్నను కంపెనీ ఇంటికి పంపేస్తుందని నా భయం. ఆ రోజంతా మంచం మీద అటూ ఇటూ దొర్లాను. చచ్చిపోతానేమో అనిపించింది.

సాయంత్రం గంగన్న చూడ్డానికొస్తే, డాక్టరమ్మకు అబద్ధమాడిన సంగతి చెప్పేశాను. మండిపడ్డాడు. "నా కోసం సస్తవా? నీకు ఇద్దరు పిల్లలున్నరు, యాదికున్నదా? పోతే నా నౌకరి పోతది. చెప్పు!" మర్నాడే గోలీల ఖాళీ పట్టీ తెచ్చి నా చేతిలో పెట్టాడు. డాక్టరమ్మకు చూపించాను. గోలీ పేరు, ఎన్ని రోజులు వేసుకున్నానో రాసుకుంది. "గోలీ క్రిమిని అణిచేసింది, అందుకే కల్చర్‌లో దొరకలేదు" అని నిట్టూర్చింది.

గోలీ ప్రభావం పోయేదాకా కొన్ని రోజులు ఏ మందూ ఇవ్వకుండా ఆగి మళ్లీ రక్తం తీశారు. లోపల ఏదో గుండెను కొరుకుతోందని తెలిసీ మందు లేకుండా పడుకోవడం ఎంత కష్టమో నాకే తెలుసు. ఈసారి స్ట్రెప్టోకాకస్ అనే క్రిమి బయటపడింది. పుచ్చిన పంటి నుంచి వచ్చి ఉండొచ్చన్నారు. నాలుగు వారాలు నరానికి ఇంజెక్షన్లు. మధ్యలో చెయ్యి వాచి, నరంలో గుచ్చిన క్యానులా గొట్టాన్ని మూడుసార్లు మార్చారు.

ఇప్పుడు స్టోర్‌లో తేలికపాటి డ్యూటీ. వాల్వ్ కొంచెం లీకవుతోంది, ఆరు నెలలకోసారి ఎకో. ఒళ్లు కాస్త వెచ్చబడినా కంగారే.

జ్వరం పోయి మళ్లీ మళ్లీ వస్తుంటే, రక్తం పరీక్షకు ఇచ్చాకే గోలీ వేసుకోండి. ముందే మింగి ఉంటే పేరు చెప్పండి. నేను భయపడ్డట్టు, ఎవరిచ్చారని నన్ను ఎవరూ అడగలేదు.