మాయ పడకముందు పట్టిన ముర్రుపాలు

నేను న్యాల్‌కల్ వైపు పల్లెకు కోడలిగా వచ్చింది డెబ్బైల చివర్లో. మొదటి రెండేళ్లలో మా కొట్టంలో మూడు దూడలు పోయాయి. మూడూ ఒకే తీరు. పుట్టిన నాలుగైదు రోజులకు తెల్లగా పారుకునేవి, కళ్లు లోపలికి పోయేవి, వారం తిరగకముందే తల వాల్చేసేవి. మూడోది పోయిన రోజు మా అత్తమ్మ అన్నం ముట్టలేదు.

ఆ దూడ కోసం జహీరాబాద్ పశువుల దవాఖాన నుంచి డాక్టరు వచ్చేసరికే ఆలస్యమైంది. ఆయన దూడ పక్కనే కూర్చుని, "ఈనినంక ముర్రుపాలు ఎప్పుడు పట్టిన్రు పెద్దమ్మా?" అని అడిగాడు.

"మాయ పడ్డంకనే సారూ. పొద్దుగూకింది. అప్పటిదాంక దూడను పొదుగుకాడికి ఇడువం. మా అత్త కాలం నుంచి గంతే," అంది అత్తమ్మ.

ఈనాక ఆవు కడుపులోంచి వచ్చే ఆ మాయ పొర పడ్డాక కూడా దూడకు దక్కేది కొంచెమే. మిగతాది జున్నై వాడకట్టంతా తిరిగేది.

"మనిషి బిడ్డకు రోగాన్ని ఆపే బలం కొంత తల్లి కడుపులనే అందుతది," అన్నాడాయన. "దూడకు అందదు. దానికి రావాల్సిన బలమంత ముర్రుపాలల్ల ఉంటది. దాని పేగులు ఆ బలాన్ని మొదటి కొన్ని గంటలే మంచిగ గుంజుకుంటయి. ఒక దినం దాటితే ఎన్ని పాలు పోసినా కడుపు నిండుతది గని ఆ బలం రాదు."

అత్తమ్మ చచ్చిన దూడ వైపు చూసింది. "అంటే మేమే ఆపినమా సారూ?"

"తెల్వక చేసిన్రు."

పోతూ పోతూ ఆయన ఒక చేపనూనె సీసా ఇచ్చాడు. ఈసారి పుట్టే దూడకు ఎదుగుదల కోసం రోజుకు కొన్ని చుక్కలు పట్టమని, అది ముర్రుపాలకు బదులు మాత్రం కాదని చెప్పాడు. నీచు గడప తొక్కని ఇల్లు మాది. అత్తమ్మ ఆ సీసాను కొంగుతో అందుకుని కొట్టం గూట్లో పెట్టింది.

చెరకు నరికే రోజుల్లో ఇంకో ఆవు ఈనింది. మగవాళ్లంతా పొలంలో ఉన్నారు. దూడ లేవడం లేదు. మాయ ఇంకా వేలాడుతూనే ఉంది. అత్తమ్మ చెంబు పట్టుకుని పొదుగు దగ్గరికి పోతుంటే పక్కింటి ముసలమ్మ వచ్చి అడ్డం నిలబడింది.

"మాయ పడకముందు పిండితే ఆవుకేమన్న అయితది. నీ కొడుకుకు ఏం చెప్తవ్?"

అత్తమ్మ ఆమెను తప్పించుకుని ఆవు పక్కన కూర్చుంది. పొదుగు కడిగి చెంబులోకి పిండింది. పసుపు కలిపినట్టున్న చిక్కటి పాలు. దూడకు తాగడం తెలియలేదు. అత్తమ్మ తన వేలు పాలలో ముంచి దాని నోట్లో పెట్టింది. మళ్లీ ముంచింది. ఎంతసేపు అలా చేసిందో చెప్పలేను.

"గుంజుతున్నదే," అంది మెల్లగా, నా వైపు చూడకుండానే.

చెంబు ఖాళీ అయిన కాసేపటికి దూడ ముందుకాళ్లు మడిచి, వెనుకకాళ్ల మీద లేచింది, పడింది, మళ్లీ లేచింది. తూలుకుంటూ తనంతట తనే తల్లి పొదుగు వెతుక్కుంది. అది కుడుస్తుండగా ఆవుకు నొప్పులొచ్చి మధ్యాహ్నానికల్లా మాయ పడిపోయింది. ముసలమ్మ నోటి మీద చెయ్యి వేసుకుని నిలబడింది.

తర్వాత రోజూ పొద్దున్నే కొట్టంలోకి వెళ్లాలంటే మాకు భయం. నాలుగో రోజు గడిచింది, ఐదో రోజు గడిచింది. పేడ గట్టిగానే ఉంది. అత్తమ్మ ముక్కుకు కొంగు కట్టుకుని చేపనూనె చుక్కలు పట్టేది, దూడ ఆమె వేళ్లు నాకేది. నెల తిరిగేసరికి అది తాడు తెంపుకుని వాకిట్లో గెంతింది.

మరుసటేడు నా రెండో కాన్పు అత్తగారింట్లోనే జరిగింది. మొదటి కాన్పులో పుట్టింటివాళ్లు ఆనవాయితీ ప్రకారం నా తొలిపాలు నేలమీద పిండించి, మూడు రోజులు బిడ్డకు చక్కెరనీళ్లే పట్టారు. ఈసారీ మంత్రసాని ఆ పాలు పిండించడానికే నా పక్కన కూర్చుంది. అత్తమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"పారబొయ్యకు. దూడకు పట్టిన, పాణం నిలబడ్డది. నా మనుమరాలికి పట్టనా?"

"పసిదానికి అరుగుతదా అక్కా?"

"అరుగుతది. ఫికర్ చెయ్యకు."

పాపను తెచ్చి తనే నా రొమ్ముకు ఆనించింది. పాప కళ్లు మూసుకునే వెతుక్కుని పట్టుకుంది. నా ఒంట్లో బిడ్డను కాచే ఇంతటి బలం ఉందని అప్పటిదాకా నాకెవరూ చెప్పలేదు.