రేడియోలో జమున పేరు

ఇక్కడ గల్ఫ్‌లో, రుస్తాఖ్ ఊళ్లో డ్యూటీ దిగి సరుకులకు వెళ్తే, కొట్టు నడిపే కడప భాయి ఫోన్‌లో పాత రేడియో కార్యక్రమం వింటున్నారు. పాటకు ముందు, అది కోరినవాళ్ల పేర్లు చదువుతున్నారు. నేను అక్కడే నిలబడిపోయాను.

మన ఈడువాళ్లకు గుర్తుందా ఆ పేర్ల వరుస? మా వాడలో చదువు వచ్చింది నాకొక్కదానికే. రేడియో వింటూ బీడీలు చుట్టే లచ్చవ్వకు, ఇంట్లోవాళ్ల పేర్లతో పాట కోరుతూ కార్డు నేనే రాసిపెట్టాను. నా పేరుతో ఇంకోటి వేసుకున్నాను. వాళ్ల కార్డే చదివారు. తునికాకు వాసన మధ్య, బడి మొహం చూడని ఆమె కూతురు జమున పేరు గణగణ మోగింది.

"సదువుకున్నది నువ్వు, రేడియోల వడ్డది మా పోరి!" అని లచ్చవ్వ నవ్వింది.

నాకు కడుపు మండిపోయింది. వాళ్ల తర్వాతి కార్డులో ఇంట్లో అందరి పేర్లూ రాసి జమున పేరు వదిలేశాను. చదివి పట్టుకునేవాళ్లు ఎవరున్నారు? ఆ కార్డూ చదివారు. జమున రేడియోకు చెవి ఆనించి పాట అయిపోయేదాకా కూర్చుంది.

"నా పేరు మర్శిండ్రేమోనే," అంది. తర్వాత నవ్వి నా భుజం మీద చెయ్యేసింది. "పోనీ తియ్యి, మొన్న నీది గూడ రాలే గదా. ఇద్దరం ఒక్కటే."

నేను నిజం చెప్పలేదు. అంత తేలిగ్గా నవ్వగలిగినందుకు ఆమె మీద ఇంకా కుళ్లుకున్నాను. ఇవాళ్టికీ కుళ్లే.