మా యారాలు పర్మినెంటు

మొన్న మంగళవారం పొద్దున మా యారాలు పోయింది. ఫోను మోగగానే నా కొడుక్కి బండి మీద ఏమైనా అయిందేమో అనుకున్నాను. పొద్దున్నే ఫోను వస్తే నాకు ముందు ఆ భయమే. మరిది గొంతు విని, హమ్మయ్య, కొడుకు సంగతి కాదు అనుకున్నాను. ఆ తర్వాతే ఆయన చెప్పింది చెవికెక్కింది. డ్యూటీకి బయలుదేరదామని జడ వేసుకుంటూ కూలిపోయిందట. గుండెపోటు. ఇంకా రెండేళ్ల సర్వీసు ఉంది.

ఆమె మా మరిది భార్య, నాకు తోటికోడలు. తొమ్మిదేళ్లు చిన్నది. నేను ఐదో తరగతి దాకా చదివాను, ఆమె ఏడు. నాలుగు మంచి మాటలు రాద్దామనే కూర్చున్నాను. కానీ ఆమెను చూసి నేనెంత కుళ్లుకున్నానో దాచిపెట్టి పొగిడితే ఆ పొగడ్త నిలబడదు. అందుకే రెండూ రాస్తున్నాను.

తొంభైల్లో శామీర్‌పేట నుంచి మేడ్చల్ పోయే దారిలో ఒక మందుల కంపెనీలో ఇద్దరం ఒకే రోజు కాంట్రాక్టు పనికి కుదిరాం. సూదిమందు సీసాలు చూసే పని. ఎదురుగా లైటు, దాని వెనక సగం నల్ల పలక, సగం తెల్ల పలక. సీసాను మెడ దగ్గర పట్టుకుని మెల్లగా తిప్పుతూ ముందు నలుపు మీద, తర్వాత తెలుపు మీద చూడాలి. లోపల దూది పోగు కనపడినా, గాజు నలుసు కనపడినా పక్కన పెట్టాలి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అంతే.

పని మొదలుపెట్టే ముందు ఆమె కాసేపు కళ్లు మూసుకుని కూర్చునేది. నిద్ర పోతున్నావా అని అడిగితే, "జెరసేపు మూస్తే కండ్లకు ఆకలైతదక్కా, మంచిగ సూస్తయి" అనేది. నాకు చిరాకు వచ్చేది.

"గీ కాంట్రాక్టు జీతానికి గుడ్లు పొడుసుకొని సూడాల్నానే?" అన్నాను ఒకసారి.

"కాంట్రాక్టు జీతానికి గదక్కా, కండ్లకు గాదు."

ఇట్లాంటి వాళ్లుంటేనే కంపెనీవాళ్లకు అలుసు అని అప్పుడు అనుకున్నాను. ఇప్పటికీ అందులో కొంత నిజం ఉందనే అనుకుంటున్నాను.

రెండేళ్లకు పరీక్ష పెట్టారు. మంచి సీసాల్లో కొన్ని చెడ్డవి కలిపి ట్రే ఇస్తారు. సరిగ్గా ఏరిన వాళ్లను పర్మినెంటు చేస్తారు. ఈ మందు ఎవరి పిల్లలకు ఎక్కుతుందో, నా కంటికి తప్పిపోయిన నలుసు ఎవరి ప్రాణం తీస్తుందో అని ఒకటే దిగులు. గాలి బుడగ కనపడినా పక్కన పెట్టాను. చెడ్డవి ఒక్కటీ వదల్లేదు. కానీ వాటితో పాటు మంచివి సగం తీసి పెట్టాను.

సూపర్‌వైజర్ సారు నా ట్రే చూసి, "అమ్మా, నువ్వుంటే కంపెనీ మందు అమ్ముడు బందు, పారబోసుడే" అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆమె ట్రేలో ఒక్క తప్పు లేదు.

ఆ నెల నుంచి ఆమె పర్మినెంటు. అవే లైట్లు, అవే సీసాలు, నా పక్క కుర్చీనే. ఆమె జీతం మాత్రం నా జీతానికి రెండింతలు. ఆమెకు కంపెనీ బస్సు, నాకు కిక్కిరిసిన ఆటో. నాలుగైదు నెలలకోసారి కాంట్రాక్టరు మమ్మల్ని వారం రోజులు ఇంట్లో కూర్చోబెట్టేవాడు. వరసగా పనిచేస్తే పర్మినెంటు అడుగుతామని ఆ ఏర్పాటు. ఆ వారమంతా మళ్లీ పిలుస్తారో లేదోనని నాకు అన్నం దిగేది కాదు. పొద్దున ఆమె బస్సు హారను వినపడితే తలుపు వేసుకునేదాన్ని.

క్యాంటీన్‌లో ఆమెకు భోజనం ఇచ్చేవారు, మేము డబ్బా తెచ్చుకునేవాళ్లం. తన పెరుగు కప్పు తెచ్చి నా ముందు పెట్టేది.

"నీ పర్మినెంటు పెరుగు నాకరగదు తియ్."

"అరుగుతది అక్కా. పెరుగుకు గేటు పాసుండదు."

తినేదాన్ని. తిడుతూనే తినేదాన్ని.

కొన్నేళ్లకు మళ్లీ పరీక్ష అన్నారు. నా వయసుకు అదే ఆఖరి అవకాశం. అప్పటికి ఆమె సీనియరు. ట్రేలో చెడ్డ సీసాలు కలిపే పని ఆమెకే ఇచ్చారు. ముందు రోజు సాయంత్రం ఆమె ఇంటికి పోయాను. వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది.

"ఎన్ని కలుపుతున్నవో ఒక్క ముచ్చట చెప్పు. నీ సొమ్మేం బోతది?"

"చెప్పనక్కా. లెక్క చెప్తే గా లెక్క కాడికి ఆగుతవ్. రేపటెన్క దినాం ఎట్ల సూస్తవ్?" పీట జరిపింది. "కూసో, నేర్పుత. తప్పు వట్టుడు నీకు మస్తొస్తది. మంచిదాన్ని మంచిదని ఇడిసిపెట్టుడే రాదు."

నాకు ఒళ్లు మండింది. "నువ్వు మంచిదానివనే నేను ఒప్పుకోలే, సీసను ఎట్ల ఒప్పుకుంట?" అని లేచి వచ్చేశాను.

మళ్లీ పోయింది పరీక్ష. అదే భయం, అదే తప్పు. ఏడాది పాటు ఆమెతో మాట్లాడలేదు. పక్కపక్కనే కూర్చుని, ఒక్క మాట లేదు.

ఆ ఏడాదిలోనే పెద్ద మేనేజర్ సారు వచ్చి అందరినీ హాల్లో కూర్చోబెట్టి, కష్టాలేమైనా ఉంటే చెప్పమన్నాడు. ఒకరు ఫ్యాను అడిగారు, ఒకరు సబ్బులు అడిగారు. మా యారాలు లేచి నిలబడింది.

"సార్, మా అక్క నా పక్కనే కూసుంటది. నేనెన్ని ట్రేలు సూస్తనో గన్నే సూస్తది. పరీక్ష వోయిందని ఆమెకు సగం జీతం ఇస్తున్రు. మరి ఆమె సూసిన సీసలు సగం ధరకే అమ్ముతున్రా?"

నేను ఆమె డ్యూటీ కోటు పట్టి గుంజాను. "కూసోవే, నా పని ఊడగొడ్తవా ఏంది?"

నా పని ఊడలేదు, నా జీతమూ పెరగలేదు. ఆమెకు మాత్రం మెమో ఇచ్చి, ఆ ఏడాది ఇంక్రిమెంటు ఆపేశారు. ఆ సంగతి తెలిసిన రోజు నా కడుపు ఒక్క క్షణం చల్లబడింది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను. తర్వాత అంతకంటే పెద్ద కుళ్లు మొదలైంది. అడిగే ధైర్యం కూడా పర్మినెంటు వాళ్లకే ఇచ్చాడా దేవుడు అని. గేటు దగ్గర ఆమెను ఆపి అడిగేశాను.

"నీకేం, అడుగుతవ్. నిన్ను తీసెయ్యరు గద!"

"అవునక్కా. గందుకే నేనడిగిన" అంది. బస్సు ఎక్కింది.

ఆ రోజు నుంచి మళ్లీ మాట్లాడుకున్నాం. మూడేళ్ల కింద నా చూపు తగ్గిందని కాంట్రాక్టరు రేపటి నుంచి రావద్దన్నాడు. సుచిత్ర చౌరస్తాలో కంటి డాక్టరు దగ్గరికి ఆమే సెలవు పెట్టి తీసుకుపోయింది. దారి పొడుగునా, ఈమెకు సెలవుకూ జీతం వస్తుంది కదా అనే నాకు లోపల.

మంగళవారం మధ్యాహ్నం కంపెనీ నుంచి పర్మినెంటు వాళ్లు పూలదండతో వచ్చి, దండం పెట్టి వెళ్లారు. వాళ్ల వెనకే రెండో షిఫ్టుకు పోవాల్సిన కాంట్రాక్టు ఆడపిల్లలు పదిమంది దాకా వచ్చారు. సగం మంది నేను మానేశాక చేరిన వాళ్లు, నాకు మొహాలు కూడా తెలియవు. వీళ్లకు సెలవు ఉండదు, రాకపోతే ఆ రోజు కూలి పోయినట్టే. నాకు వాళ్ల దిగులు పట్టుకుంది.

"టైమైతాంది, జల్ది పోండ్రి బిడ్డా. నాగా పడ్తది."

"పడనియ్ పెద్దమ్మా" అంది ఒక పిల్ల. "మాకు ట్రే పట్టుడు నేర్పింది ఆమెనే."

నేను పోయిన రోజు నా కోసం ఎవరు కూలి పోగొట్టుకుంటారు? శవం ముందు నిలబడి అదే ఆలోచించాను. డ్యూటీ కోట్లు కవర్లలో పెట్టుకుని వాళ్లు ప్రహరీ గోడ పొడుగునా నేల మీద కూర్చున్నారు. నీడ జరిగి ఎండ పాదాల మీదికి వచ్చింది. ఒక్కరూ లేవలేదు. కాళ్లు ముడుచుకుని, గోడకు ఇంకాస్త దగ్గరగా జరిగి, మధ్యలో నాకు కొంచెం చోటు ఇచ్చారు.