ధ్వజాయం చూసి కట్టిన ట్రాక్టర్ షెడ్డు

మా సిద్దయ్య మామకు లోకంలో రెండే బాధలు. ఒకటి వాన పడకపోవడం, రెండోది ఆ వాన పడి ట్రాక్టర్ తడవడం. తన ఇంటి వంటగదిలో కూడా వాన పడుతుందన్న సంగతి ఆయన బాధల లెక్కలోకి ఎన్నడూ రాలేదు. అక్కడ కూర్చుని వండేది మా అత్త వజ్రమ్మ కదా, అందుకని.

శామీర్‌పేట నుంచి మేడ్చల్ వెళ్ళే దారిలో, రోడ్డుకు ఉత్తరాన వాళ్ళ పెంకుటిల్లు. చిన్నప్పుడు సెలవులకు వెళ్తే, మబ్బు పట్టగానే గిన్నెలు సర్దడం నా పని. పొయ్యి పక్కన సత్తు గిన్నె, బియ్యం డబ్బా మీద తాంబాళం, మూలకు బేసిన్. ప్రతి వానాకాలం అత్త ఒకే మాట అడిగేది.

"ఈ యేడన్న పైకప్పు మార్పియ్యరాదయ్యా?"

"పంట చేతికి రానియ్యి. వచ్చే యేడు సూద్దాం తియ్యి."

పంటలు చేతికొచ్చాయి. ఏళ్ళూ వచ్చాయి. ఒకసారి ట్రాక్టర్ వెనక తగిలించి మట్టిని గుల్ల చేసే రోటవేటర్, ఇంకోసారి బురద దున్నే ఇనుప చక్రాలు కూడా వచ్చాయి. పైకప్పు మాత్రం రాలేదు. దీని గురించి మామతో నేను చాలాసార్లు గొడవ పడ్డాను. ఆయన నవ్వి, నన్ను ట్రాక్టర్ మీద ఎక్కించుకుని తిప్పి తెచ్చేవాడు. ఆ నవ్వు చూస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అట్లని మామ చెడ్డవాడేం కాదు. పడుచువాడుగా ఉన్నప్పుడు ఒక పటేలు దగ్గర జీతానికి ట్రాక్టర్ నడిపాడు. పగలంతా దున్ని, సాయంత్రం తాళంచెవి అప్పగించి నడిచి ఇంటికి వచ్చేవాడు. సొంత బండి కొనాలని అప్పుడే పట్టుబట్టాడు. ఆ బండి పెళ్ళయ్యాక వచ్చింది. అత్తకు పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమ కింద ఇచ్చిన భూమి చూసి బ్యాంకు లోన్ ఇచ్చింది కాబట్టి, కాగితాలన్నీ ఆమె పేరు మీదే. సంతకాలు ఆమెవి, స్టీరింగు ఆయనది. పొద్దున్నే తను స్నానం చేయకముందే బండికి చేయిస్తాడు. దసరాకు బంతిపూల దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, గుమ్మడికాయ కొట్టి దండం పెడతాడు. అత్తకు ఆ రోజు కొత్త చీర ఉంటుంది, అదీ ఆమె గుర్తుచేస్తేనే.

చుట్టుపక్కల పొలాలు వెంచర్లయ్యాక ఆయన దున్నకాలు కూడా మారాయి. ఇప్పుడు ఎక్కువగా సిటీవాళ్ళ ఫామ్‌హౌసుల్లో దున్నుతాడు. శనివారం కారు దిగి, ఆదివారం నాలుగు వంకాయలు తెంపి ఫొటో దిగే రైతులు వాళ్ళు. కానీ తన పొలం నాటుకు మాత్రం తనే దిగుతాడు. బండి ఉన్నన్నాళ్ళే తను రైతునని ఆయన నమ్మకం.

నిరుడు వానలకు బండి మీద కప్పిన నీలం పట్టా ఎగిరిపోయి, బండి రెండు రోజులు నానింది. సెల్ఫ్ మోటార్ కాలిపోయింది, రోటవేటర్ బ్లేడ్లు తుప్పు పట్టాయి. సరిగ్గా నాట్ల సమయంలో మామ బండి కోసం వేరేవాళ్ళను బతిమాలుకోవలసి వచ్చింది. ఆ అవమానంతో షెడ్డు కట్టాలని తీర్మానించాడు.

ఇక సలహాలు మొదలయ్యాయి. మేడ్చల్‌లో వెల్డింగ్ షాపు నడిపే ప్రవీణ్, ఇనుప పైపులు పాతి, పైన రేకులు వేసి, రోడ్డు వైపు గోడ లేకుండా వదిలేస్తే చాలన్నాడు. కొడుకు పరమేష్‌కు అది నచ్చలేదు. "నాయినా, పెద్ద గోదాం ఏద్దాం. పార్సిల్ కంపెనోళ్ళు కిరాయికి తీస్కుంటరు" అన్నాడు. మరి ట్రాక్టర్ ఎక్కడ పెట్టాలని అడిగితే, "బయట పెడ్దాం" అన్నాడు. అత్త తమ్ముడు జైపాల్ ప్లాట్లు అమ్మిపెడుతుంటాడు, ఎన్నికలప్పుడు కండువా వేస్తాడు. ఆయనది ఇంకో లెక్క. "బావా, స్లాబ్ పొయ్యి. రేపు మీదికెళ్ళి ఇంకో అంతస్తు లేపొచ్చు."

ట్రాక్టర్ మేడెక్కదని చెప్పేవాళ్ళు లేకపోయారు.

మామ నెలరోజులు షెడ్లు చూస్తూ తిరిగాడు. కోళ్ళఫారాలు చూశాడు. బౌరంపేట్‌లో విల్లాల మధ్య ఉన్న క్లబ్‌హౌస్‌ను గేటు బయట నిలబడి చూశాడు, సెక్యూరిటీవాళ్ళు పంపేసేదాకా. చివరికి విన్నవీ చూసినవీ అన్నీ కలిపాడు. చుట్టూ ఇటుక గోడలు, కింద సిమెంటు గచ్చు, పైన ఇనుప దూలాల మీద వేడి దిగని మందం రేకులు, గాలికి రెండు కిటికీలు.

"బండికి కిటికీలెందుకు మామా?" అన్నాను.

"ఉక్క పోయదా మరి?" అన్నాడు. ఆయన ఆ మాట నిజంగానే అన్నాడు.

అత్త పక్కనే బియ్యం ఏరుతోంది. తల ఎత్తకుండా, "మంచిగ కట్టుండ్రి. జల్లు లోపటికి రావొద్దు" అంది.

అంతటితో ఆగినా బాగుండేది. కానీ ఆయం చూపించకుండా పునాది తీయనన్నాడు మామ. పొడవు, వెడల్పులు లెక్కగట్టి, ఆ కట్టడం యజమానికి కలిసొస్తుందా లేదా చెప్పేదే ఆయం. ఇళ్ళకు చూస్తారు. మా మామ ట్రాక్టర్‌కు చూపించాడు.

జనార్ధన్ పంతులు వచ్చి, బండి ఎవరి పేరు మీద ఉందని అడిగాడు. భూమీ బండీ రెండూ వజ్రమ్మవే అని తేలింది. ఆమె పేరుకు లెక్క వేశాడు.

"వెడల్పు రెండడుగులు తగ్గిస్తే ధ్వజాయం వస్తుంది. ఇల్లాలికి మహా యోగం. దక్షిణ ద్వారం ఈ పేరుకు పనికిరాదు. తూర్పున, ఈశాన్యం వైపు పెట్టండి."

రోడ్డేమో దక్షిణాన ఉంది. తూర్పున పక్క వెంచర్లోని విల్లాలవాళ్ళు కట్టుకున్న పెద్ద ప్రహరీ ఉంది. షెడ్డుకూ దానికీ మధ్య మిగిలింది ఒక సందు.

ప్రవీణ్ టేపు చుట్టేస్తూ, "మామా, గీ సందుల బండి తిరగదు" అన్నాడు.

"నా చేతుల తిరగని బండి ఉన్నదారా? మస్తు సందులు చూసిన. నువ్ జల్దీ పని కానియ్యి."

దసరా పొద్దున నేను వెళ్ళేసరికి షెడ్డుకు సున్నం వేసి, గుమ్మానికి మామిడాకులు కట్టి ఉన్నాయి. ఊరు సగం అక్కడే ఉంది. మామ తలపాగా చుట్టి, దండ వేసిన బండెక్కి సందులోకి దిగాడు. ముందుకు వెళ్ళాడు, ప్రహరీ తగిలింది. వెనక్కి వచ్చాడు, షెడ్డు గోడ తగిలింది. స్టీరింగు అటూ ఇటూ తిప్పి తిప్పి చెమటలు పోశాయి. చివరికి బండి మూతి మాత్రం గుమ్మంలోకి దూరింది. వెనక చక్రం గోడకు కొట్టుకుని మడ్‌గార్డ్ సొట్టపోయింది. వెనకున్న రోటవేటర్ సందుకు అడ్డం పడి బిగుసుకుంది.

"తాతకు లైసెన్స్ ఉన్నదా?" అని ఎవరో అన్నారు. నవ్వులు. మామ తల దించుకున్నాడు. అప్పుడు మాత్రం నాకు ఏడుపొచ్చింది.

అంతలో వాన. జనం తలో దిక్కు పరుగెత్తారు. ఎట్లాగో బండి వెనక్కి తీసి, మామ రోడ్డు మీద దాని పక్కనే తడుస్తూ నిలబడ్డాడు.

అత్త షెడ్డులోకి వెళ్ళింది. తలెత్తి పైకప్పు చూసింది. గోడ మీద అరచెయ్యి పెట్టి చూసింది. పొడిగా ఉంది. తిన్నగా పెంకుటింటికి వెళ్ళి గ్యాస్ పొయ్యి మోసుకొచ్చి, తూర్పు మూలన పెట్టింది. వెనకే పాలగిన్నె తెచ్చింది.

"ఏం చేస్తున్నవే?" అన్నాడు మామ గుమ్మం దగ్గర, నీళ్ళు కారుతూ.

"పాలు పొంగిస్తున్న. అయ్యగారు నా పేరుకే చూసిండు కదా."

పాలు పొంగాయి. ఆ సాయంత్రానికి పరమేష్ మంచాలు కూడా తెచ్చేశాడు.

తర్వాత పెంకుటింటి ముందు గోడ పడగొట్టి ట్రాక్టర్‌ను అందులో పెట్టారు. రోటవేటర్‌తో సహా పట్టింది. దక్షిణం ముఖంగానే ఉంది, ఆయం ఎవరూ చూడలేదు.

తుఫాను వానలప్పుడు మళ్ళీ వెళ్ళాను. కిటికీ పక్కన కూర్చుని అత్త వేసిన జొన్నరొట్టె తింటున్నాను. ఆమె ముఖం తేటగా ఉంది. మామ గోనెసంచి కప్పుకుని వచ్చాడు.

"బేసిన్ ఉన్నదా? సీటు మీద కారుతాంది." మూలనున్న బేసిన్ అందుకుని, "ఇంకా ఏడ ఏడ కారుతదే?" అన్నాడు.

అన్నేళ్ళు ఆ ఇంట్లో ఉండి, అది ఎక్కడ కారుతుందో ఆయనకు తెలియదు. అత్త రొట్టె తిప్పుతూ చెప్పింది. పొయ్యి ఉన్నచోట ఒకటి, డబ్బా కాడ ఒకటి, మూలకొకటి. మామ వేళ్ళు మడుస్తూ విన్నాడు. గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు.

"వజ్రా... గా పైకప్పు మార్పిద్దామా? బండి ఖరాబైతది."

అత్త రొట్టె దించి, ఇంకో ముద్ద చేతిలోకి తీసుకుంది.

"పంట చేతికి రానియ్యి. వచ్చే యేడు సూద్దాం తియ్యి."

మామ బేసిన్ నెత్తిన బోర్లించుకుని వానలోకి దిగాడు.