షట్టర్ మూసి విన్న సినిమా

నిన్న పొద్దున ఆఫీసుకు బయల్దేరుతుంటే శ్రీశైలం ఫోన్ చేశాడు.

"అక్కా, అమ్మ పోయింది."

శ్రీశైలం వాళ్లమ్మ, మా సత్తెమ్మ పెద్దమ్మ. మొన్ననే ఫోన్‌లో మాట్లాడాను. సీరియల్ టైమ్ అవుతోందని తనే కట్ చేసింది.

 రిపోర్టర్ అలవాటు కొద్దీ ఎప్పుడు, ఎలా అని అడిగాను. చాయ్ తాగి మళ్లీ పడుకుందట. లేవలేదట.

"జర జల్దీ రా అక్కా. ఈడ ఇంకో పంచాయితీ నడుస్తుంది."

ఆమె మాకు చుట్టం కాదు. నాన్నకు ఇక్కడ గవర్నమెంట్ ఉద్యోగం వచ్చినప్పుడు మేం గోదావరి వైపు నుంచి వచ్చి ఖాజాగూడలో వాళ్లింట్లో కిరాయికి దిగాం. అప్పటికి అది ఇంకా సిటీలో కలవని ఊరే. మా గల్లీలో టీవీ ఉన్నది ఆమె ఒక్కరి ఇంట్లోనే.

బ్లాక్ అండ్ వైట్ టీవీ. ముందు చెక్క షట్టర్. ఆదివారం సాయంత్రం సినిమా టైమ్‌కి దాన్ని అరుగు మీదకి తెచ్చి పెట్టేది.

పోయినవాళ్ల గురించి, అందరినీ ప్రేమగా చూసేది అని ఇలాంటి పోస్టుల్లో రాస్తుంటాం. పెద్దమ్మ బాగా తిట్టేది. కాళ్లు కడుక్కోకుండా వస్తే వెనక్కి పంపేది. మేం కొట్టుకుంటే టీవీ ఆపేసేది. కానీ చూడటానికి రావద్దని ఎవరితోనూ అనలేదు.

గల్లీలో ఎవరైనా చనిపోతే మాత్రం షట్టర్ దించేది. దినాలు అయ్యేదాకా మళ్లీ తీసేది కాదు. ఉన్నది ఒక్క టీవీ కాబట్టి అందరికీ బంద్. పిల్లలం కూడా అడిగేవాళ్లం కాదు.

ఒకసారి పక్కింటి బాలమ్మ పోయింది.

ఆదివారం సినిమాకి అందరికంటే ముందు వచ్చేది ఆమే. కూర్చోవడానికి తన గోనెసంచి తనే తెచ్చుకునేది.

ఆమె పోయిన వారంలోనే, సినిమా టైమ్‌కి ఆమె భర్త మల్లయ్య తాత వచ్చాడు. చంకలో అదే గోనెసంచి. అరుగు ముందు పరుచుకుని కూర్చున్నాడు.

"టీవీ పెట్టు బిడ్డా."

"ఇంక దినాలు కాలే గద మామా. గల్లీల ఏమనుకుంటరు?"

"ఇంట్ల సప్పుడు లేదు. ఉండబుద్ధి అయితలేదు."

 పెడితే చావింటి పక్కన తమాషా చేసిందంటారు. పెట్టకపోతే ముసలాయన ఆ ఇంటికే తిరిగి పోవాలి.

పెద్దమ్మ లోపలికి వెళ్లి టీవీ తెచ్చింది. స్విచ్ వేసింది. షట్టర్ మాత్రం తీయలేదు.

"సూసుడు తప్పు గానీ, వినుడు తప్పెట్లయితది?" అంది.

ఆ రోజు మేం సినిమా మొత్తం విన్నాం. చెక్క షట్టర్ వైపు చూస్తూ గల్లీ గల్లీ అంతా కూర్చుంది.

ఫైటింగ్ వచ్చింది. కొట్టింది హీరోనా, విలనా అని మా తమ్ముడు అడిగాడు.

"హీరోనే. విలన్ కొడితే గంత సప్పుడు రాదు" అంది పెద్దమ్మ.

మల్లయ్య తాత నవ్వాడు. అందరం చూశాం.

ఇంటికొచ్చి చెబితే మా అమ్మ నాన్నతో అంది: "విన్నారా అండీ, వీళ్లు టీవీ చూడ్డానికి వెళ్లి విని వచ్చారట!"

నిన్న నేను వెళ్లేసరికి టెంట్ వేశారు. పెద్దమ్మని ఐస్ పెట్టెలో ఉంచారు. లోపల గోడకి పెద్ద టీవీ, ఆఫ్‌లో ఉంది.

పంచాయితీ ఆ టీవీ గురించే. తను పోయిన రోజు కూడా సీరియల్ టైమ్‌కి టీవీ పెట్టాలని, ఇల్లు సప్పుడు లేకుండా ఉండొద్దని పెద్దమ్మ కొడుక్కి ఎప్పుడో చెప్పిందట. శ్రీశైలం పెడతానంటున్నాడు. ఆమె మరిది రాములు చిన్నాయన వద్దంటున్నాడు.

"శవం ఇంట్ల ఉండంగ టీవీనా? ఎదురుంగ అపార్ట్‌మెంటోళ్లు సూస్తే ఇజ్జత్ ఉంటదా?"

"అమ్మ అడిగింది గిదొక్కటే చిన్నాయనా."

సీరియల్ మధ్యాహ్నం. అది అయ్యాక కాసేపటికే తీసుకెళ్లాలి. ఆ తర్వాత పెట్టినా ఆమె కోరిక తీరినట్టు కాదు.

నేను చిన్నాయన పక్కన కూర్చుని బాలమ్మ పోయినప్పటి సంగతి ఎత్తాను. ఆయనకి గుర్తుందో లేదో తెలియదు.

గుర్తుంది. నాకు తెలియని ముక్క ఆయనే చెప్పాడు.

ఆ రోజుల్లో యాంటెనా తిప్పే డ్యూటీ ఆయనది. ప్రతి ఆదివారం సినిమా అంతా ఇంటిపైనే. కిందనుంచి మేం "రాలే, ఇంక తిప్పు" అని అరిచేవాళ్లం. ఆ రోజు బొమ్మతో పనిలేదు కాబట్టి వదిన ఆయన్ని కిందికి పిలిచి తన పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఈ ఇంట్ల నేను మొదాలు నుంచి ఆఖరుదాంక కూసున్న సినిమా గదొక్కటే బిడ్డా" అన్నాడు.

 లేచాడు. భుజం మీది తువ్వాల తీసి టీవీకి అడ్డంగా కప్పాడు. అది చాల్లేదు. లోపల్నుంచి పెద్దమ్మ చీర ఒకటి తెమ్మన్నాడు.

"ఇగ పెట్టురా శ్రీశైలం. సౌండ్ జర పెంచు, బయటికి ఇనవడాలె."

సీరియల్ వచ్చింది. చీర వెనక అత్తాకోడళ్లు తిట్టుకుంటున్నారు. టెంట్ కింద ఆడవాళ్లు ఏడుపు ఆపి విన్నారు. ఒకామె పక్కనున్నామెకి ఏ గొంతు ఎవరిదో చెబుతోంది.

చిన్నాయన ఐస్ పెట్టె పక్కనే కుర్చీ వేసుకుని, అయిపోయేదాకా కదలకుండా కూర్చున్నాడు.

తర్వాత ఆమెను తీసుకెళ్లాం.

పెద్దమ్మా, ఇంట్లో సప్పుడు ఉంది. ఫికర్ చేయకు. ప్రశాంతంగా పడుకో.